పెరుగన్నం గీతలు

మా తోడికోడలికి ఏడో నెలలో గాజులు తొడిగే వళైకాప్పు వెంగల్‌లోని అత్తవారింట జరిగింది. పెరుగన్నం తిన్నవాళ్ళంతా సాయంత్రానికల్లా వాంతులతో పడకేశారు. “అంతా తిరుత్తణి వంటాయన చేతిలోనే ఉండాది,” అని మా అత్త ఒక్క మాటలో తేల్చేసింది. ఆ మాట పాకి, రెండు పెళ్ళిళ్ళవాళ్ళు ఆయన్ను వద్దన్నారు. ఇన్నేళ్ళ మంచిపేరు ఒక్క పూటలో గంగలో కలిసింది. నాకు ఒళ్ళు మండింది.

నేను పనిచేసేది తిరువళ్ళూరులో, బ్యాక్టీరియా పరీక్షలు చేసే ల్యాబులో. గిన్నెలో మిగిలిన పెరుగన్నం తీసుకున్నాను. మా ఇళ్ళలో వళైకాప్పు అన్నాలను వంటమనిషి వండి దించితే, ఇంటి ఆడవాళ్ళే చేత్తో కలపాలి. అందుకని వంటాయనతో పాటు మా అందరి చేతుల మీది నమూనాలూ తీశాను, నావి కూడా. డబ్బాల మీది పేర్లు తీసేసి మా ల్యాబు మేడమ్ నంబర్లు వేసింది. ఏ నంబరు ఎవరిదో రాసిన చీటీ ఆమె దగ్గరే ఉంటుంది.

ఒకే జాతి బ్యాక్టీరియా ఎంతోమంది చేతుల మీద ఉంటుంది. అన్నంలోది ఎవరి నుంచి వచ్చిందో తేలాలంటే దాని డీఎన్ఏను ముక్కలు చేసి, జెల్‌లో కరెంటు పెట్టి నడిపించాలి. ముక్కలు గీతలుగా నిలుస్తాయి. ఆ గీతల వరుసే దాని వేలిముద్ర.

జెల్ ఫొటో తెర మీదికి రాగానే ఎగిరి గంతేశాను. పెరుగన్నం గీతలూ తొమ్మిదో నంబరు గీతలూ అచ్చుగుద్దినట్టు ఒకటే! మిగతావి దరిదాపుల్లో లేవు.

“మేడమ్, దొంగ దొరికినాడు! తొమ్మిది ఎవురు?”

మేడమ్ చీటీ చూసి నా చేతికిచ్చింది. తొమ్మిది నేనే.

కత్తిపీటకు తెగి చీము పట్టిన వేలు. ల్యాబులో గ్లౌజులు లేనిదే తలుపు గడియ కూడా ముట్టని దాన్ని, ఇంట్లో ఆ వేలితోనే పొద్దున్నే అన్నం కలిపి మధ్యాహ్నం దాకా ఉంచాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నిజం చెప్పొద్దూ, లోపల సంబరం ఆగలేదు. తప్పు ఆయనది కాదు!

అప్పటికప్పుడు రైలెక్కి తిరుత్తణిలో దిగాను. వంటాయన ఇంటి ముందు గుండిగలు ఖాళీగా బోర్లించి ఉన్నాయి. ఫొటో చూపించి, “మీది గాదు మామా, నా వేలిదే,” అన్నాను.

ఆయన ఫొటో వైపు చూడనే లేదు.

“నాకెందుకు చెప్తావమ్మా? నా చేతి సంగతి నాకు తెలీదా? మీ అత్తకు చెప్పు.”

అక్కడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. “యాడుండావమ్మా?” అనింది అత్త. ఆయన ఎదురుగా నిలబడే ఉన్నాడు.

“అందరికీ వాంతులు చేయించింది నేను అత్తా,” అన్నాను.