కాకి ముట్టలేదని చెప్పమన్న అక్క

శ్రావణ సోమవారం. పొద్దుటి నుంచి ముసురు. మిల్లు వరండాలో తడుస్తున్న ధాన్యం బస్తాలు లోపలికి జరిపించి, బరకాలు కప్పించి వచ్చేసరికి తణుకు నుంచి మేనల్లుడి ఫోను. అక్క పోయింది. కాఫీ అడిగిందట. తెచ్చేలోపే అయిపోయిందట.

దహనం అయ్యాక బస్సులో తిరిగొచ్చాను. కట్టెలు తడిసి చాలాసేపు అంటుకోలేదు. కళ్ళు ఇంకా మండుతున్నాయి. నేను మిల్లు గుమాస్తాని. రోజూ జమాఖర్చు రాసుకోవడమే గాని మనుషుల గురించి రాసిన అలవాటు లేదు. కానీ మా ఇంట్లో ఒక ఆడపిల్ల భయం లేకుండా పెరిగిందంటే అది అక్క వల్లే. అది చెప్పకుండా పడుకోలేను.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు నెలకోసారి దూరంగా కూర్చుంటే, ఎందుకని అడిగిన పిల్లలకి ‘కాకి ముట్టుకుంది’ అని చెప్పేవాళ్ళు. మీరూ వినే ఉంటారు. మా ఆవిడ గర్భసంచి జబ్బుతో, రక్తం ఆగక చనిపోయింది. అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. పెద్దకర్మ నాడు గోడ మీద కాకికి ముద్ద పెడితే, ఆ పిల్ల కర్ర పట్టుకుని ఒక్క కాకినీ వాలనివ్వలేదు. తల్లికి అన్నం ముట్టనివ్వవా అని పెద్దవాళ్ళు తిట్టారు. అక్క మాత్రం పిల్లని పెరట్లోకి తీసుకెళ్ళి, చిక్కుడుకాయలు ముందు పోసి, తనూ ఈనెలు తీస్తూ కూర్చుంది.

కాసేపటికి నన్ను నూతి దగ్గరికి పిలిచింది.

“కాకి ముట్టుకోబట్టే వాళ్ళమ్మకి రక్తం పోయిందనుకుంటోందిరా. తననీ ముట్టుకుంటే చచ్చిపోతానని హడలిపోతోంది. నిన్ను అడుగుదామని రెండుసార్లు వచ్చిందట. నువ్వు చెప్పు.”

“నువ్వు చెప్పక్కా. నేను మగవాణ్ణి.”

“మగవాడివని అది నీ దగ్గరికి రావడం మానిందా?”

ఇంకా చిన్నపిల్ల కదా, కొన్నాళ్ళు పోనిద్దామన్నాను. ముహూర్తం పెట్టిస్తావా ఏంటి అంది. అప్పుడే తన సంగతి చెప్పింది. తన చిన్నప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదట. ఆ రోజు వచ్చేసరికి కడుపులో ఏదో తెగిపోయిందనుకుని గడ్డిమేటు వెనక దాక్కుని, చీకటి పడేదాకా చావు కోసం ఎదురుచూసిందట. నేను తన తోడబుట్టినవాణ్ణి, ఒకే ఇంట్లో పెరిగాను. నాకు ఆ సంగతే తెలియదు.

ఏం చెప్పాలో తనే నేర్పింది. ఎంత చెప్పాలని అడిగితే, “విస్తరి చూసి వడ్డించు. అడిగినంతే చెప్పు. మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పు” అంది. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పొద్దంది, ఇద్దరికీ సిగ్గేనట. సైకిల్ మీద బడికి తీసుకెళ్తూ చెప్పమంది.

కాలవగట్టు మీద వెళ్తూ చెప్పాను. అమ్మకి వచ్చింది జబ్బు. ఆడపిల్లలందరికీ పెద్దయ్యాక నెలనెలా వచ్చేది జబ్బు కాదు. రెండిటికీ సంబంధం లేదు. కాకి ఎవరినీ ముట్టదు. వెనక క్యారియర్ మీద కూర్చుని నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

“మరి అందరూ అలా ఎందుకు చెప్పారు నాన్నా?”

“సిగ్గుపడి.”

“అయితే నేను చచ్చిపోనా?”

“చచ్చిపోవమ్మా.”

నా చొక్కా పట్టుకున్న గుప్పిట అప్పుడు కొంచెం వదులైంది.

ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉండేది. నాకు తెలియనివి అక్కని అడిగి చెప్పేవాణ్ణి. తనకీ తెలియకపోతే ఆసుపత్రి నర్సమ్మగారి దగ్గరికి వెళ్ళేది. ‘తెలీదు, కనుక్కుని చెబుతా’ అన్నా పిల్లలు ఊరుకుంటారుగాని, కసిరితే మళ్ళీ మన దగ్గరికి రారనేది. తన కొడుక్కి గొంతు మారి, బళ్ళో నోరు విప్పడానికి సిగ్గుపడుతుంటే, పప్పు రుబ్బుతూనే వాడికీ చెప్పింది. వీధిలో కొందరు నవ్వారు. “పిల్లల్ని కనడానికి లేని సిగ్గు, పిల్లలకి చెప్పడానికి అడ్డొచ్చిందా?” అని వాళ్ళ నోళ్ళు మూయించింది. నోటి దురుసు మనిషే. ఆ మాట దాచను.

నాలుగేళ్ళ తర్వాత ఒక సాయంత్రం అమ్మాయి బడి నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడి, “నాన్నా, నాకు వచ్చింది. అత్తకి చెప్పు” అంది. చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నేను చొక్కా వేసుకుని ఎస్‌టీడీ బూత్‌కి నడిచాను.

అక్క అడిగింది ఒక్కటే. “భయపడిందా?”

“లేదక్కా. ఆకలేస్తోందంటోంది.”

లైను తెగిందేమో అనుకున్నాను. తెగలేదు. అక్క ముక్కు చీదుకుంటున్న చప్పుడు వినిపించింది. బూత్ మీటరు మీద ఎర్ర అంకెలు మారిపోతున్నాయి. ఇద్దరమూ ఫోను పెట్టేయలేదు.