రజని కడుపుమంట

రజనికి కుళ్లు ఎక్కువ. ఈ మాట ఆమె చాటున అనుకునేది కాదు. ఎదురుగానే అంటారు, ఆమె కూడా కాదనదు. పక్కింటి గేదె రెండు పూటలా కడివెడు పాలిస్తే రజనికి నిద్ర పట్టదు. తోటికోడలి కొత్త గాజులు గలగలమంటే రజని చేతిలో గిన్నె నేల మీద కాస్త గట్టిగానే పడుతుంది. అయితే ఇవన్నీ చిల్లర కుళ్లు. చిన్నప్పటి నుంచి కడుపులో పెట్టుకుని సాకిన అసలు కుళ్లు ఒక్కరి మీదే. ఆ ఒక్కరు తోడబుట్టిన నీలా.

నీలాకు కన్నవాళ్లు పెట్టిన పేరు నరేష్. సూర్యాపేట పక్కన ఆత్మకూర్ (ఎస్)లో గొర్రెలు కాసుకునే బిక్షం, బుచ్చమ్మలకు రజని తర్వాత చాలా ఏళ్లకు పుట్టిన మగపిల్లాడు. ఆ సంబరానికి బిక్షం పొట్టేలును కోసి చుట్టాలందరికీ పెట్టాడు. రజని పుట్టినప్పుడు కోడిని కూడా కోయలేదట. ఈ సంగతి మేనత్త ఎవరో నవ్వుతూ చెప్పింది. రజని మాత్రం నవ్వలేదు, మరిచిపోనూ లేదు.

రెండువేల ఒకటిలో పెద్దగట్టు జాతరకు రజనికి ఆకుపచ్చ లంగా కుట్టించారు. జరీ అంచు, కింద కుచ్చులు. జాతర అయ్యాక ఒకనాడు రజని గొర్రెపిల్లలకు ఆకు వేసి ఇంట్లోకి వచ్చేసరికి, గోడకున్న చిన్న అద్దం ముందు పదేళ్ల నరేష్ ఆ లంగా కట్టుకుని నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు, ఆడుకోవడం లేదు. తప్పిపోయి ఇంటికి చేరినవాడిలా అద్దంలోకి చూసుకుంటున్నాడు. ఇంకో పిల్ల అయితే "అమ్మా, వీడు ఆడపిల్ల బట్టలు కట్టుకుండు" అని అరిచేది. రజని అరిచింది వేరు.

"అమ్మా! నా లంగ నాకంటె వీనికే మంచిగున్నదే!"

బుచ్చమ్మ చీపురుకట్టతో నరేష్ వీపు సాపు చేసి, లంగా విప్పించి రజని చేతిలో పెట్టింది. రజని దాన్ని ఒకసారి కట్టుకుని అద్దంలో చూసుకుంది. మళ్లీ ఎప్పుడూ కట్టలేదు. పెట్టె అడుగున తోసేసింది.

చదువు దగ్గరా అంతే. ఏడో తరగతి కాగానే రజనిని బడి మాన్పించి గొర్రెల వెంట పంపారు. నరేష్‌ను మాత్రం సూర్యాపేటలో హాస్టల్లో పెట్టారు. వాడు సెలవులకు వచ్చి ఇంగ్లీషు పాఠం చదువుతుంటే, వినబడకుండా రజని రోట్లో కారం దంచేది. దంచాల్సిన కారం లేకపోయినా దంచేది.

రజని జీవితంలో గెలిచింది ఒక్క చోటే. రెండువేల అయిదులో కోదాడ పక్కన అనంతగిరికి, ట్రాలీ ఆటో నడిపే సాయిబాబుకు ఇచ్చి పెళ్లి చేశారు. ఆ తర్వాత పుట్టింటివాళ్లు పిలిచి ఒడిబియ్యం పోశారు. పెళ్లయిన ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ ఒడిలో పోసి, కొత్త చీర పెట్టి పంపడం. నువ్వు ఎంత దూరం పోయినా ఈ ఇంటి బిడ్డవే అని నలుగురి ముందు చెప్పడం. ఆ బరువును కొంగులో పట్టుకుని లేచినప్పుడు రజని తమ్ముడి వైపు చూసింది. వాడు స్తంభానికి ఆనుకుని, కన్నార్పకుండా ఆ కొంగునే చూస్తున్నాడు. గొర్రెలు వాడివి, ఇల్లు వాడిది, చదువు వాడిది. ఇది మాత్రం వాడికి ఏడు జన్మలెత్తినా రాదు. రజని ఆ రోజు కడుపు నిండా తిన్నది.

రెండేళ్లు గడిచాయి. ఇంటర్ చదువుతున్న నరేష్ కనబడకుండా పోయాడు. బిక్షం వెతకని ఊరు లేదు. చివరికి కబురు తెచ్చింది సాయిబాబు. లోడు దింపడానికి మిర్యాలగూడ వెళ్లి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీ నరేష్‌ను చూశానే. హిజ్రాలతో ఉంటున్నాడు. చీర కట్టుకున్నాడు."

"ఏం రంగు చీర?" అంది రజని.

సాయిబాబు పెళ్లాం ముఖంలోకి పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

బిక్షం మాత్రం నాకు కొడుకే లేడని చెప్పి తలుపు వేసుకున్నాడు. రజని ఆగలేకపోయింది. మిర్యాలగూడ వెళ్లి, రైసు మిల్లుల వెనక సందులో ఆ గది పట్టుకుంది. మోతీబాయి అనే పెద్దామె నీడలో, నీలా అని కొత్త పేరు పెట్టుకుని, "అక్కా!" అంటూ ఎదురొచ్చింది ఒకప్పటి తమ్ముడు. సన్నటి నడుము, చెవులకు బుట్టలు, రవికె చేతులకు కుట్టిన లేసు. ఆ పేరు కూడా తను సొంతంగా ఎంచుకున్నదట. రజని పేరు ఎవరిని అడిగి పెట్టారు?

కిరాయికి ఆ గది దొరకడానికి ఎన్ని గుమ్మాల ముందు తిట్లు తిన్నదో, దుకాణాల ముందు చెయ్యి చాపితే ఎవరెవరు ఏమేం అన్నారో నీలా చెప్పలేదు. రజని అడగలేదు. ఇద్దరు పిల్లల్ని కని లావెక్కిన రజని కళ్లు ఆ లేసు దగ్గరే ఆగిపోయాయి. ఇచ్చిన చాయ్ సగం వదిలేసి బస్సెక్కింది. దారంతా ఒకటే గొణుగుడు.

"కొడుకుగ ఉన్నన్ని రోజులు కొడుకు వాటా తిన్నది. ఇగ బిడ్డ పాలు గుడ కావాల్నా దీనికి?"

ఆ తర్వాతి ఏడాది శ్రీరామనవమికి నీలా వేములవాడ వెళ్లి, అక్కడి ఆచారం ప్రకారం రాజన్న దేవుడి పేర మెడలో పుస్తె కట్టించుకుంది. అది విన్న పూట సాయిబాబు తాగి వచ్చి వాకిట్లో పడి ఉన్నాడు. దేవుడు తాగడు, తన్నడు, ఎన్నటికీ చావడు. మొగుడి విషయంలోనూ అదే గెలిచిందని రజని కడుపు రగిలిపోయింది.

రెండువేల పదిలో బిక్షం పోయాడు. తలకొరివి ఆయన అన్న కొడుకు పెట్టాడు. బిక్షం అన్న మైసయ్య కులంలో పెద్దమనిషి, ఆయన మాటకు ఎదురు లేదు. "గాడు ఈడ అడుగు పెడితే శవం లేవదు" అని ముందే తేల్చి చెప్పాడు. నీలా రోడ్డు అవతల, బస్సుల కోసం నిలబడే చోట, ముసుగేసుకుని నిలబడింది. రజని గుండెలు బాదుకుంటూ ఏడుస్తూనే ఒకటి గమనించింది. బుచ్చమ్మ చూపు పాడె మీద లేదు, ఒళ్లో పడి ఏడుస్తున్న రజని మీదా లేదు. రోడ్డు అవతలే ఉంది. తండ్రి శవం ముందు కూడా రజనికి కన్ను కుట్టింది. అంత పాపిష్టి కుళ్లు అది.

ఆ తర్వాత బుచ్చమ్మకు కళ్లు మసకబారాయి. మిర్యాలగూడలో కళ్ల దవాఖాన ఉందంటూ తరచూ బస్సెక్కేది. కళ్లకు మందు వేయించుకునే మనిషి మామిడికాయ తొక్కు జాడీ ఎందుకు పట్టుకెళ్తుందో రజనికి అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అనంతగిరికి రమ్మంటే మోకాళ్ల నొప్పులు, మిర్యాలగూడకు మాత్రం రెక్కలు. ఫోన్లో తల్లితో పెద్ద గొడవ పెట్టుకుంది. బుచ్చమ్మ అన్నీ విని, "నీకు మొగడున్నడు, పిల్లలున్నరు. దానికెవలున్నరే?" అంది. ఇది రజనికి జవాబుగా అనిపించలేదు. గాయం మీద కారంగా అనిపించింది.

రెండువేల పద్నాలుగు ఎండాకాలంలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. నీలాలాంటి వాళ్లు ఆడా మగా కాని మూడో వర్గంగానైనా, తాము అనుకున్నట్టుగానైనా ఉండొచ్చని, వాళ్లకూ అందరి హక్కులూ ఉన్నాయని. కొన్నాళ్లకు మిర్యాలగూడలో సభ పెడితే లోకల్ టీవీలో చూపించారు. సాయిబాబు కేకేస్తే రజని చేతిపిండి కడుక్కోకుండానే వచ్చి నిలబడింది. తెరమీద నీలా మైకు పట్టుకుని ఉంది.

"అర్జెంటీనా దేశంల మాసొంటోళ్లు ఏమని రాయమంటే గదే రాసి కాయితమిస్తరంట. మన పక్కన నేపాల్ల గుడ ఇస్తున్నరు. మమ్ముల గుడ మనుషుల లెక్కల కలుపుమని ఇప్పుడు కోర్టు చెప్పింది. మాకు కిరాయికి ఇల్లియ్యుండ్రి. పనియ్యుండ్రి. మా నాయిన సస్తే దగ్గరికి రానియ్యుండ్రి."

అర్జెంటీనా! రజని ఆ పేరు ఎన్నడూ వినలేదు. తను ఏ మైకులోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. ముఖం మాడ్చుకుని వంటింట్లోకి పోయింది. అయితే ఆ చివరి మాట మాత్రం ఆమె వెంటే వచ్చింది. ఆ రాత్రి రొట్టెలు మాడిపోయాయి.

శ్రావణంలో తల్లి ఫోన్ చేసింది.

"ఒడిబియ్యం పోస్త, రా బిడ్డా. నీలాను గుడ పిలిసిన. ఇద్దరికి ఒక్కనాడే పోస్త."

రజని చేతిలో ఫోన్ నిప్పులా అయింది. లంగా పోయింది, చదువు పోయింది, తల్లి పోయింది. మిగిలింది అదొక్కటి. దాంట్లోనూ వాటాకు వస్తుందా? ఫోన్ పెట్టేసి, ఊపిరి కూడా తీసుకోకుండా పెదనాన్న మైసయ్యకు కలిపింది.

"గిట్ల జేస్తున్నది మా అమ్మ. నువ్వు జర రా పెద్దనాయినా."

అనుకున్న రోజు రానే వచ్చింది. వాకిలి అలికి, ముగ్గేసి, రెండు పీటలు పక్కపక్కన వేసింది బుచ్చమ్మ. పళ్లెంలో పసుపు బియ్యం, పక్కన రెండు చీరలు, ఒకటి ఆకుపచ్చది, ఒకటి వంకాయ రంగుది. నీలా తలంటుకుని, నిండుగా పూలు పెట్టుకుని, ఒడి పట్టి కూర్చుంది. పక్క పీట మీద రజని మూతి బిగించుకుని గేటు వైపే చూస్తోంది.

బుచ్చమ్మ దోసిలి నింపిందో లేదో, మైసయ్య లోపలికి వచ్చాడు.

"బుచ్చమ్మా, మతి గిన పోయిందా? మొగోనికి ఒడిబియ్యమేందే? ఒక్క గింజ పడ్డదా, మల్ల ఈ ఇంటి మొకం సూడం. నీ సావుకు గుడ ఎవ్వలం రాం."

బుచ్చమ్మ దోసిలి గాల్లోనే ఆగిపోయింది. వేళ్ల సందుల్లోంచి బియ్యం రాలుతోంది. నీలా కొంగు మెల్లగా దులుపుకుని పీట మీద నుంచి లేచింది. ఇలా లేచిపోవడం ఆమెకు అలవాటే అని ఆ లేవడంలోనే తెలిసిపోతోంది. మైసయ్య రజని వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"నీకు చెల్లె లేదు బిడ్డా. ఎన్నడు లేదు. ఇదంత నీదే, పట్టుకో."

రజని కోరుకున్నది ఇదే. కానీ ఆ మాట చెవిన పడగానే పెట్టె అడుగున తోసిన లంగా గుర్తొచ్చింది. లేసు గుర్తొచ్చింది. రోడ్డు అవతలి ముసుగు గుర్తొచ్చింది. చెల్లెలే లేకపోతే అవన్నీ ఏమిటి? అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడింది.

"చెల్లె లేదా? లేకుంటె నేను గిన్నేండ్ల కాంచి ఎవల్ని సూసి ఏడుస్తున్న పెద్దనాయినా?"

మైసయ్య ఏదో అనబోతే రజని అననివ్వలేదు.

"నీ కొడుకు మొగోడు. గాడు మా నాయినకు కొరివి పెట్టిండు, మా గొర్లు గుడ తోలుకపోయిండు. గాన్ని సూసి ఎన్నడన్న కుళ్లుకున్ననా? దీన్ని సూస్తె నాకు మంట. లంగ కాడ మంట, రైక కాడ మంట, అమ్మ కాడ మంట. మొగోన్ని సూసి ఏ ఆడిదన్న గిట్ల సస్తదా?"

"నువ్వే గద ఫోన్ జేసి రమ్మన్నవ్!"

బుచ్చమ్మ కూతురి ముఖంలోకి చూసింది. నీలా కూడా చూసింది. రజని చెంపలు ఎర్రబడ్డాయి, తల మాత్రం దించలేదు.

"నేనే జేసిన. నా చెల్లెతోని నాకు పంచాయితి ఉండె, అందుకే పిలిసిన. పాలు ఎవలకెంత అని అడుగు, చెప్త. అది నా చెల్లెనే గాదంటె మాత్రం ఊకోను." నీలా రెక్క పట్టుకుని పీట మీదికి లాగింది. "కూసో. నిలవడితె ఒడిల ఎట్ల పోస్తది?"

మైసయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇగ మీకు మాకు ఖతం" అని వెళ్లిపోయాడు. అన్నంత పనీ చేశాడు కూడా. ఆ తర్వాత ఆ ఇంటివాళ్లు ఎవరూ ఈ గడప తొక్కలేదు. కానీ ఆ పూట మాత్రం బుచ్చమ్మ ఎవరినీ వెనక్కి పిలవలేదు. బొట్టు పెట్టి, దోసిలి నింపి, ముందు రజని ఒడిలో, తర్వాత నీలా ఒడిలో పోసింది. బియ్యం బరువుకు కొంగు కిందికి సాగుతుంటే, నీలా దాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. బుచ్చమ్మ కళ్ల మసకలో ఏం కనబడిందో గానీ, ఆమె పోయడం ఆపలేదు.

రజని కళ్లు మాత్రం ఊరుకుంటాయా? రెండు ఒడుల్లోకీ చూసింది.

"దానికి పెద్ద కుడుక వెట్టినవ్" అంది తల్లితో.

ఇక చీరలు. బుచ్చమ్మ వంకాయ రంగుది రజని భుజం మీద, ఆకుపచ్చది నీలా భుజం మీద కప్పింది. నీలా కళ్లు తుడుచుకుని అక్క చూపు ఎక్కడుందో చూసింది. తన మీదున్న చీర తీసి చాపింది.

"అక్కా, ఇది నువ్వు తీస్కో. నీకు పచ్చరంగు ఇష్టం గద."

రజని చీర అందుకుంది. జరీ అంచు మీద చెయ్యి పెట్టింది. తర్వాత మడత విప్పి, మళ్లీ నీలా భుజం మీదే కప్పి, అంచు సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"వద్దు. నీకే మంచిగున్నది" అంది. "అప్పుడు గుడ నీకే మంచిగుండె."