అద్దంకిలో దిగిన పెద్దాయన

దర్శి నుంచి గుంటూరు వెళ్లే బస్సులో మిరపకాయ టిక్కీలు, అదే గోనె బస్తాలన్నీ కూర్చున్నాక మిగిలిన చోటు మనుషులకిచ్చారు. ఆ ఘాటుకు నేను తుమ్మిన తుమ్ములకు రెండు ఊళ్లు వెనక్కి వెళ్లాయి.

గేదె అడ్డొచ్చి డ్రైవరు బ్రేకు కొట్టాడు. నేను టిక్కీ మీద బోర్లా పడ్డాను. పక్కన నిలబడ్డ పెద్దాయన బంతిలా దొర్లి, అరచేత్తో నేల చరిచి లేచారు.

"ఈ పడటం ఎక్కడ నేర్చారండీ?"

"జపాన్‌లోనండి. వాళ్ల సంస్కృతి మీద పరిశోధనకెళ్లి జూడోలో పడ్డాను. ఇక్కడికొచ్చి పిల్లలకూ నేర్పాను."

"మళ్లీ వెళ్లలేదా?"

"సాధన గది వదిలేటప్పుడు వెనక్కి తిరిగి, వంగి దండం పెట్టాలండి. ఆఖరి రోజు రైలు తప్పుతుందని పెట్టకుండా పరిగెత్తాను. మళ్లీ వెళ్లేసరికి గురువుగారూ లేరు, ఆ గదీ లేదు."

అద్దంకిలో దిగి, బస్సు వైపు తిరిగి నడుము దాకా వంగారాయన.

"ఏం పడేసుకున్నారు పెద్దాయనా?" కండక్టరు అరిచాడు. బస్సంతా కిటికీల్లోంచి నేల వెతికింది. నేను లేచి వంగేలోపే బస్సు కదిలింది.

ఇప్పటికీ ఆ దారిన వెళ్లే బస్సులో అద్దంకి రాగానే లేచి నిలబడతాను. దిగుతానేమోనని కండక్టరు రైట్ చెప్పకుండా ఆగుతాడు. వంగి దండం పెట్టడానికి నాకు ఆ కాస్త సేపు చాలు.