ఒక్కడి ఖర్చు

బ్యాంకు అమ్మాయి నన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. నేను క్రెడిట్ కార్డు తీసుకోవడానికి అసలు కారణం అదే.

నా భార్య పోయాక అరసవల్లిలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆదివారం గుడికి వచ్చే జనంతో వీధి నిండిపోతుంది. ఆటోలవాళ్ళు గొంతు చించుకుంటారు. అంతమందిలో నాతో మాట్లాడే పని ఎవరికీ ఉండదు. పింఛను డబ్బు కోసం శ్రీకాకుళంలో బ్యాంకుకు వెళ్ళిన రోజున ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడింది. నాకు ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది కాబట్టి దాని మీద కార్డు ఇస్తారట.

"మూడు నెలల్లో ముప్పై వేలు ఈ కార్డు మీద ఖర్చు పెడితే మూడు వేల రూపాయల కూపన్ వస్తాది తాతగారూ. కొత్తగా చేరినందుకు బోనస్."

"పెట్టకపోతే?"

"రాదు. అంతే."

"పెట్టి, బిల్లు కట్టకపోతే?"

ఆమె వడ్డీ ఎంతో చెప్పింది.

"అమ్మా, మా ఊళ్ళో వడ్డీలకి తిప్పీవోడు కూడా అంత మాట పైకి అనడానికి సిగ్గుపడతాడు."

ఆమె నవ్వింది. "గడువులోగా మొత్తం కట్టేస్తే వడ్డీ లేదు తాతగారూ. కనీసం ఇంత కట్టండి చాలు అని బిల్లు మీద ఓ చిన్న అంకె ఉంటాది. అది చూసి మోసపోకండి."

బ్యాంకులో కూర్చుని ఆ మాట చెప్పినందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

నేను జూట్ మిల్లులో బస్తాలు మోసినవాణ్ణి. నలభై దాటాక, షిఫ్టు దిగి రాత్రి బడిలో అక్షరాలు దిద్దాను. చిన్నప్పుడే చదువు వచ్చినవాళ్ళు కాగితం చూసీ చూడగానే సంతకం పెట్టేస్తారు. నాకు అలా కుదరదు. ప్రతి మాటా ఎత్తుకుని, మోసి, దించితేగాని ముందుకు కదలను. అందుకే ఆమెను ఇంకాసేపు పట్టుకుని అన్నీ అడిగాను. ఏటీఎంలో డబ్బు తీస్తే అది ఖర్చు కింద లెక్కకు రాదు, పైగా ఆ రోజు నుంచే వడ్డీ. వస్తువు కొని తిరిగి ఇచ్చేస్తే ఆ మొత్తం లెక్కలోంచి తీసేస్తారు. కార్డు ఫీజు కూడా లెక్కకు రాదు. ఇవన్నీ విన్నాక నాకు నేనే ఒక కట్టడి పెట్టుకున్నాను. ఖాతాలో ఉన్న డబ్బు మేరకే కార్డు గీకాలి. ఎలాగూ కొనవలసినదే కొనాలి.

ఆ కట్టడితోనే చిక్కు వచ్చింది. నేను కొనవలసింది ఏముంది?

బియ్యం, గ్యాసు, కరెంటు, బీపీ మాత్రలు, ఫోను రీఛార్జి. నెల తిరిగేసరికి చూస్తే ముప్పై వేలలో ఏ మూలకూ రాలేదు. ఇద్దరం ఉన్నప్పుడు డబ్బు ఎటు పోయేదో తెలిసేది కాదు. ఆవిడ మందులు, ఆసుపత్రికి ఆటో, చుట్టాలు వస్తే చేపలు, ఎవరింట్లో పెళ్ళి అయినా ఆవిడకు ఒక చీర. ఇప్పుడు అర కేజీ కందిపప్పు తెస్తే డబ్బా అడుగు కనపడనంటోంది. రెండు వంకాయలు తూచమంటే కొట్టతను విసుక్కుంటాడు. ఆ ముప్పై వేలు నలుగురున్న ఇంటిని తలచుకుని ఎవరో వేసిన అంచనా. దాని పక్కన నిలబడితే నేను ఎంత ఒక్కణ్ణో నాకు బాగా తెలిసింది.

సూపర్‌మార్కెట్‌లో బిల్లు వేసే అతనికి ఈ సంగతి చెబితే సులువు చెప్పాడు.

"గిఫ్ట్ కార్డులు కొనీ తాతా. టార్గెట్ అయిపోద్ది."

"కొని ఎవలికిస్తాను బాబూ?"

అతను తల వంచుకుని సంచీలో సబ్బులు సర్దాడు.

నాకు మాట్లాడే మనిషంటూ మిగిలింది మా బావ. నా భార్యకు అన్న. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. విజయనగరం అవతల, మేమిద్దరం పనిచేసిన మిల్లు ఊళ్ళోనే ఉంటాడు. నేను గోడౌనులో చేస్తే ఆయన మగ్గాల దగ్గర చేశాడు. ఆ మోతలో ఏళ్ళు గడిచేసరికి వినికిడి మెల్లమెల్లగా పోయింది. మగ్గాలవాళ్ళు మాట వినరు, పెదాలు చూస్తారు. ఎదురుగా కూర్చుంటే ఈనాటికీ ఆయన ఒక్క మాట జారనివ్వడు. బటన్ల ఫోనులో పెదాలు ఎక్కడ కనపడతాయి?

ప్రతి ఆదివారం అన్నకు ఫోను చేయడం నా భార్య అలవాటు. ఆవిడ తరవాత నేను చేస్తున్నాను. భోజనం అయిందా అంటే ఊళ్ళో వర్షం సంగతి చెప్పేవాడు. నేను అరిచేవాణ్ణి, ఆయన ఇంకా గట్టిగా అరిచేవాడు. రానురాను చిన్నతనం అనిపించిందేమో, ఎత్తడం మానేశాడు. ఆదివారం ఫోను అలా మోగి మోగి ఆగిపోయేది.

రెండో నెలలో చెవి మిషన్ ఆలోచన వచ్చింది. కూపన్ కోసం వచ్చిందా, బావ కోసం వచ్చిందా అంటే రెండింటికీ వచ్చింది. అబద్ధమాడి ఏం లాభం? ఖాతాలో డబ్బు సరిపోతుందో లేదో చూసుకుని బస్సెక్కాను.

బావ అరుగు మీద ఉన్నాడు. నేను చెప్పేదంతా నా నోటి వంక చూస్తూ పట్టుకున్నాడు.

"ఏటి, సెవిలో మిషనా? నీ కూపనుకి నా సెవులే దొరికినాయేటి బావా?"

"దొరికినాయి. మరెవలి సెవులకి కొనమంతావు?"

"నాకేటి లోటు? ఎదర కూకో, అన్నీ తెలస్తాయి. ముందు నువ్వా మీసం కత్తిరించు. సగం మాటలు అందులోనే ఉండిపోతన్నాయి."

"వారం వారం రెండు బస్సులు మారి రమ్మంతావా? నీ మోకాళ్ళు ఇస్తావా నాకు?"

"ఫోన్లో మాటాడకపోతే ఏటి కొంప ములిగిపోయింది?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. పైకి అనలేదు. పెదాలు మాత్రం కదిలాయి కాబోలు. ఆయన వాటినే చూస్తున్నాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"పద. బస్సు ఎల్లిపోతాది."

విజయనగరంలో చెవి మిషన్ల దుకాణంవాళ్ళు బావను అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. ఒక మిషన్ చూపించి, వెంటనే దానికంటే ఖరీదైనది ముందుకు తోశారు. వాయిదాల్లో కట్టుకోవచ్చన్నారు. మొదటిదే చాలన్నాను. దాని ధరా, అప్పటిదాకా అయిన ఇంటి ఖర్చూ కలిపితే ముప్పై వేలు దాటుతుంది. దాటాక ఇంకో రూపాయి గీకడానికి నాకు కారణం లేదు. బావ సగం ఇస్తానన్నాడు.

"నీ సగం బేటరీలకి ఉంచుకో" అన్నాను.

మిషన్ చెవిలో పెట్టగానే బావ ఉలిక్కిపడి పైకి చూశాడు.

"ఆ ఫేనుకి కాస్త నూనె ఎయ్యండి బాబూ!"

దుకాణంలో అందరూ నవ్వారు. ఎలా ఉందని నేను అడిగితే నా ముఖం చూడకుండానే జవాబు చెప్పాడు.

"నీది ముసిలోడి గొంతయిపోనాది బావా."

ఆ ఆదివారం మొదటి రింగుకే ఎత్తాడు.

"అరవకు, అరవకు! ఇనపడతన్నాది!"

ఎంతసేపు మాట్లాడుకున్నామో. మిల్లులో లాకౌటు రోజులు, పోయినవాళ్ళు, చిన్నప్పుడు నా భార్య మామిడిచెట్టెక్కి దిగలేక ఏడ్చిన సంగతి. అది నాకు ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. నా కంచంలో అన్నం ఎండిపోయింది.

బిల్లు వచ్చింది. గడువు ఇంకా ఉండగానే బ్యాంకుకు వెళ్ళి మొత్తం కట్టేశాను. ఆ అమ్మాయికి బదిలీ అయిందట. ఆమె కుర్చీలో ఉన్నతను కంప్యూటరు లోంచి తల ఎత్తలేదు. కొన్నాళ్ళకు కూపన్ వచ్చినట్టు ఫోనుకు మెసేజీ వచ్చింది. దాన్ని రెండుసార్లు చదువుకున్నాను, చెప్పడానికి గదిలో ఎవరూ లేకపోయారు.

బావకు చెబుదామని ఫోను చేస్తే ఆయన మిల్లు గేటు ముందు టీ కొట్టులో ఉన్నాడు. వినికిడి పోయాక అక్కడికి వెళ్ళడం మానేసిన మనిషి. నలుగురు ఒక్కసారి మాట్లాడితే ఎవరి పెదాలని చూస్తాడు? ఇప్పుడు రోజూ వెళ్తున్నాడు.

"మల్లీ సేస్తాను బావా, మనోల్లందరూ ఉన్నారిక్కడ" అన్నాడు.

చెయ్యలేదు. నేనే చేస్తుంటాను. ఎత్తుతాడు, కులాసా అడుగుతాడు, తొందరలో ఉంటాడు. కోపం తెచ్చుకోవడానికి నాకేం హక్కు? వినపడాలనే కొన్నాను. ఎవరిని వినాలో చెప్పి కొనలేదు.

మొన్న ఆదివారం అలాగే "ఉంటాను బావా" అని, కట్ చెయ్యడం మరచిపోయి ఫోను జేబులో వేసుకున్నాడు. గ్లాసుల చప్పుడు వినపడింది. ఎవరో వేళాకోళం చేస్తున్నారు.

"సెవికి నగ ఎట్టుకుని పెల్లికొడుకులాగొచ్చినాడు సూడండిరా!"

"మా బావ ఎట్టినాడు. నీకేటిరా కుల్లు?"

గొల్లున నవ్వులు. తరవాత పేకముక్కలు పంచుతున్న మాటలు, ఎవరో ముక్క దాచాడని తగువు. ఆ గొంతుల్లో రెండు నాకు తెలిసినవే, గోడౌనులో నాతో పనిచేసినవాళ్ళవి. కిటికీ బయట ఆటోల గోల ఎక్కువగా ఉంది. నేను రెండో చెవి అరచేత్తో మూసుకుని, మాట్లాడకుండా, లైను తెగిపోయేదాకా వింటూ కూర్చున్నాను.