చేతులు కాలిన ఆదివారం

ఆమెను వీధిలో అందరూ సబ్బులమ్మ అనేవారు. ఆ పేరు రాకముందు పదిహేనేళ్ళు ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే గదిలో పనిచేసింది. అక్కడి పొడుల ఘాటుకు వేళ్ళ సందులు పగిలి, ఉప్పు తగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది. నలభై నాలుగో ఏట ఆ కొలువు మానేసి, చేతుల్ని కాల్చని సబ్బు తనే చేసి అమ్మాలని పూనుకుంది.

తొందరపడి దిగలేదు. నలభై రోజులు పొద్దున్నే మోకాళ్ళ మీద ఉండి ప్రభువును అడిగింది. ఆ తర్వాత నోటు పుస్తకంలో మూడు మాటలు రాసుకుంది. ఆదివారం పని ముట్టకూడదు. సబ్బు చుట్టే కాగితం మీద ఒక్క అబద్ధపు అక్షరం ఉండకూడదు. అమ్మకానికి సరిపడా దింపే మొదటి పెద్ద వాయి దేవుడిది, దాన్ని సంఘంలో ఉచితంగా పంచాలి.

"అన్నీ చెప్పిన దేవుడు నూనె ఎక్కడ కొనాలో చెప్పలేదా?" అన్నాడు భర్త. ఆయన బస్సు డ్రైవరు. గుడికి నెలకోసారి వచ్చినా వచ్చినట్టే. కానీ వెనక గది కిటికీ పెద్దది చేసిందీ, గోడకు అరలు కొట్టిందీ, అచ్చులకు చెక్క పెట్టెలు చేసిందీ ఆయనే.

సబ్బు పని చూడటానికి తేలిక. గోరువెచ్చటి నూనెలో కాస్టిక్ సోడా నీళ్ళు పోసి, గంజిలా చిక్కబడేదాకా కలిపి, అచ్చుల్లో వంచి, గట్టిపడ్డాక ముక్కలు కోసి ఆరు వారాలు ఆరబెట్టాలి. సోడా పడకపోతే నూనె నూనెగానే మిగులుతుంది. ఎక్కువైతే తోలు ఊడదీస్తుంది. పని నేర్పిన ముసలాయన ఒక పరీక్ష చెప్పాడు. "ఆరిన ముక్కకు నాలుక కొస ఆనించు. చురుక్కుమందా, పారేయ్. ఆశ పడకు." ఆమె ముందుగా సరిచూసుకోవడానికి చేసిన ఆరు చిన్న వాయిలూ ఆ పరీక్షలో నెగ్గాయి.

సంఘం కోసం పెద్ద వాయి దింపిన రోజే పక్కన చిన్న గిన్నెలో నిమ్మ వాసన వేసి ఇంకొకటి కలిపింది. పెద్దది ఎన్నడూ లేనంత తొందరగా బిగుసుకుంది. చిన్నది మూడు రోజులైనా గట్టిపడక నూనెలాగే ఉంది. పెద్దది దీవెన అనుకుంది. చిన్నది సాతాను అడ్డంకి అని ప్రార్థన చేసి పారబోసింది. ఆరు వారాలకు అరవై ముక్కలు తెల్లటి పొడి పూసి రాళ్ళలా తయారయ్యాయి. పంచే ముందు వారమంతా ఉపవాసం ఉంది. ఉపవాసంలో నాలుకకు సబ్బేమిటని పరీక్ష మానేసింది.

పంచిన మరుసటి ఆదివారం ఆమెను సాక్ష్యం చెప్పమన్నారు. పాస్టరుగారు పక్కన నిలబడి, "మన సోదరి పని కోసం చేతులెత్తి స్తోత్రం చెల్లిద్దాం" అన్నారు. గుడిలో అందరూ పాట అందుకుని చేతులెత్తారు.

వేదిక మీది నుంచి ఆమెకు ఆ అరచేతులన్నీ ఒక్కసారే కనిపించాయి. ముందు వరుసలో టీచరమ్మ వేళ్ళ మధ్య ఎర్రగా కందింది. పాస్టరమ్మ మునివేళ్ళు పొలుసులు లేచి ఉన్నాయి. ఒక తాతగారి చేతులు ఉడకబెట్టినట్టున్నాయి. వెనక వరుసలో, క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఆవిడ, అందరూ గిన్నెలక్క అంటారు, రెండు చేతులకూ గుడ్డ చుట్టుకుని, ఆ గుడ్డల్నే పైకెత్తింది.

 సబ్బులమ్మకు చెప్పాలనుకున్న సాక్ష్యంలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. పాట సాగుతూనే ఉంది. చేతులు ఊగుతూనే ఉన్నాయి.

పాట ఆగాక, "మీ చేతులకేమైంది?" అంది.

కొందరు చేతులు కొంగు కింద దాచుకున్నారు. చివరికి గిన్నెలక్కే, "ఏం లేదులేమ్మా. కొత్త సబ్బు కదా, అలవాటు పడాలి" అంది.

వారం రోజులు మండినా ఒక్కరూ ఆమెతో అనలేదు. దేవుడి పేరున ఇచ్చినదానికి వంక పెట్టడమెందుకని ఊరుకున్నారు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. "ఇంక ఎవరూ వాడకండి. రేపు వచ్చి పట్టుకుపోతాను" అని మాత్రం చెప్పి దిగిపోయింది.

బయట సంఘ పెద్ద ఆమెను పక్కకు పిలిచాడు. "నూనెకొట్టువాడు కల్తీ చేసుంటాడమ్మా. అదే చెప్పు, సరిపోతుంది" అన్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది ఆమెకు. సోమవారం తెల్లారగానే కొట్టుకెళ్ళి నిలదీసింది. కొట్టాయన అంతా విని, అదే డబ్బాలోంచి ఒక చెంచా నూనె తీసి ఆమె ముందే తాగాడు.

"నూనె తోలు ఊడదీయదమ్మా. నువ్వు కలిపిన రెండోది చూసుకో" అన్నాడు.

ఇంటికొచ్చి కూలబడింది. భర్త డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు.

"ఆ రోజు చిన్న గిన్నెలోది గట్టిపడలేదు కదా?"

"అవును. సాతాను..."

"సోడా పడకపోతే గట్టిపడదని నువ్వే అన్నావు. మరి దానికని కలిపిన సోడా ఎటు పోయినట్టు?"

 ఆ రోజు సోడా నీళ్ళు కలిపి పెట్టుకున్న మూడు జగ్గులు ఆమె కళ్ళకు కట్టాయి. రెండు పెద్దదానికి, ఒకటి చిన్నదానికి. రెండు పోశాక పెద్ద గిన్నె అంచు పట్టుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసింది. కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్న మూడోది ఎత్తి అందులోనే వంచింది. తర్వాత ఖాళీ జగ్గులు చూసి అన్నీ ఎక్కడివక్కడ పడ్డాయనుకుంది. కల్తీ చేసింది ఎవరో కాదు. ప్రార్థన చేసిన ఆ చేతులే. పట్టుకోవడానికి ఏదీ మిగల్లేదు ఆమెకు.

సంఘ పెద్దకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. "ప్రార్థనలో ఉండగా పొరపాటు జరిగిందంటే బయటివాళ్ళు నవ్వుతారు. దేవుడి పేరు పోతుంది."

"అబద్ధమాడితే నిలుస్తుందాండీ?" అంది. ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ అదే చెప్పింది, తప్పు నాది, జగ్గు నేనే పోశాను, పరీక్ష నేనే మానేశాను. యాభై ఏడు ముక్కలు వెనక్కి వచ్చాయి. టీచరమ్మ తలుపు సగం తెరిచి ముక్క ఇచ్చేసి మూసుకుంది. తాతగారు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు.

ఆఖరున గిన్నెలక్క గది. ఒక మంచం, ఒక స్టూలు, గోడకు మేకు. చేతులు మానేదాకా పనికి రావద్దని క్యాంటీన్ వాళ్ళు పంపేశారు. గుడ్డ విప్పి చూపించింది. అరచేతుల్లో తోలు లేదు.

"మండినప్పుడే ఎందుకు ఆపలేదక్కా?"

గిన్నెలక్క నేలవైపు చూసింది. "అది దేవుడికిచ్చిన సబ్బు కదమ్మా. అందులో తప్పుండదు. నాలోనే ఏదో పాపం ఉందనుకున్నా. ఒప్పుకుని, ఇంకాస్త గట్టిగా రుద్దుకున్నా."

 జగ్గు సంగతి తెలిసినప్పుడు కూడా సబ్బులమ్మ ఇంతగా అదిరిపోలేదు. క్షమించమని అడగాలనుకుంది, కానీ ఆ మాట ఎంత చిన్నదో నోట్లోనే తెలిసిపోయింది. ఆ చేతుల కింద తన చేతులు పెట్టి, ముట్టుకోకుండా అలాగే కూర్చుంది.

మర్నాటి నుంచి క్యాంటీన్‌కు తనే వెళ్ళింది. పద్దెనిమిది రోజులు గిన్నెలు తోమింది. జీతం గిన్నెలక్కకే ఇవ్వమంది. అక్కడి మేస్త్రీ నమ్మలేక రెండుసార్లు అడిగాడు.

మళ్ళీ గిన్నె ఎక్కించడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ప్రార్థన పనిలోకి దిగకముందే, ముందు గదిలో. వెనక గదిలోకి వెళ్ళాక కళ్ళు మూసుకోవడం లేదు. ఒక గిన్నె ముగిసేదాకా రెండో గిన్నె గదిలోకి రాదు. నాలుక పరీక్ష ఉపవాసమైనా ఆగదు. సోడా తూచేది గిన్నెలక్క. ఆమెకు చదువు రాదు కానీ తూకం ముల్లు ఎక్కడ ఆగాలో తెలుసు. ఆమె సరేననకపోతే సబ్బు బయటికి వెళ్ళదు. కాదనే హక్కు తనకుందని నమ్మడానికి గిన్నెలక్కకు చాలా రోజులు పట్టింది.

పాస్టరమ్మ ఇప్పటికీ బయట సబ్బే కొంటుంది. టీచరమ్మ పలకరిస్తుంది గానీ ఆగదు. సబ్బులమ్మ ఎవర్నీ తప్పు పట్టదు. కొట్టు మెల్లగా నడుస్తోంది.

మొన్నామధ్య ఒక వాయి చూసి గిన్నెలక్క తల అడ్డంగా ఊపింది. "నాకెందుకో నచ్చలేదమ్మా" అంది. కారణం చెప్పలేకపోయింది. సబ్బులమ్మకు అందులో ఏ లోపమూ కనిపించలేదు. అయినా పారబోయడానికి గిన్నెకు ఒక చెవి పట్టుకుంది. రెండో చెవి గిన్నెలక్క పట్టుకుంది.