ఎనిమిది పేజీల న్యాయం

మా ప్రెస్సులో అచ్చు వేసే రాతి మీద బొమ్మలు గీసే మేష్టరు పోయిన శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూశారు. కబురు వచ్చేసరికి మిషన్ తిరుగుతూ ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆపేశాం.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బెంగళూరు పేటలో కౌబాయ్ బొమ్మల కథలు కొని చదివిన పాఠకులకు ఆయన చెయ్యి తెలుసు, పేరు తెలియదు. కథలు నావి, బొమ్మలు ఆయనవి. పగలంతా అచ్చు అక్షరాలు పేర్చి, సాయంత్రం నేను కథ చెబితే ఆయన గీసేవారు. కాగితం కరువు కాబట్టి అన్యాయం, పగ, న్యాయం మూడూ ఎనిమిది పేజీల్లో తేలిపోవాలి. నేను సాగదీస్తే, "కాగితం ల్యాదప్పా, ఆ దొంగను బిరీన పట్టుకో" అని తొందరపెట్టేవారు.

అమెరికా ఎడారిని మేమిద్దరం కంటోన్మెంటు దండులోని టాకీసులో తప్ప చూసింది లేదు. గుర్రాలకు నమూనా, మార్కెట్ దగ్గరి జట్కా గుర్రాలే. అందుకే మా వీరుడి గుర్రానికి పక్కటెముకలు కనబడేవి. రాతి మీద ప్రతి బొమ్మా కుడి ఎడమలు తిరగేసి గీయాలి. మొదటి పుస్తకంలో ఆయన ఉత్సాహం కొద్దీ ఆ సంగతి మరిచి తుపాకీని కుడిచేతికి ఇచ్చారు. అచ్చులో అది ఎడమచేతికి వచ్చింది. నేను తల పట్టుకుంటే, "పోనీలేప్పా, వాంది ఎడంచేతివాటం అనుకుంటే సరి" అని నవ్వారు. చివరి పుస్తకం దాకా వాడు ఎడమచేత్తోనే కాల్చాడు.

బొమ్మల గొప్ప వేరేవాళ్ళు చెబుతారు. నాకు చేసిన మేలు మాత్రం నేనే చెప్పాలి.

ఆనేకల్‌లో నా తమ్ముడు మగ్గం నేసేవాడు. చీరలు వేరే అంగడికి ఇచ్చాడన్న కోపంతో ఒక పట్టు వ్యాపారి వాడి కుడిచేతి వేళ్ళు విరగ్గొట్టించాడు. కేసు వాయిదాల మీద నడుస్తూ ఉండేది. నాకు అన్నం సహించేది కాదు. ఆ నెల కథలో వీరుడు చివరి పేజీలో దుర్మార్గుణ్ణి గుండె మీద కాల్చి పగ తీర్చుకుంటాడు. "వానికి ఆ వ్యాపారి మొగమే పెట్టండి మేష్టరూ" అన్నాను.

ఆయన బొమ్మంతా గీసి, మొగం మాత్రం ఖాళీగా వదిలారు. "వాన్ని నేను చూడల్యా కదప్పా. రేపు వాయిదా ఉండాది, పోయి చూసుకొని రా. కండ్లెట్లుండాయో, చెవులెట్లుండాయో నాకు చెప్పాల."

మరునాడు బయలుదేరాను. చంకలో సంచి, సంచిలో కొడవలి. ప్రెస్సు గుమ్మం దగ్గర ఆయన నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నారు: "సంచి ఈడ పెట్టి పో నాయనా. మొగం చూసేదానికి కండ్లు చాలు."

ఎట్లా కనిపెట్టారో ఏమో. సంచి ఇచ్చేశాను.

కోర్టులో పేరు పిలిచినప్పుడు ఆ వ్యాపారి మోకాళ్ళు వణికాయి. వేళ్ళు విరగ్గొట్టిన రోజు నా తమ్ముడూ ఇట్లాగే వణికి ఉంటాడని తోచింది. ఆ వ్యాపారి మీద నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆ వణుకుతోనే నిలబడి వాడు శిక్ష వినాలని గట్టిగా అనిపించింది. తర్వాతి ఒక వాయిదాలో విన్నాడు కూడా. తమ్ముడు ఈనాడు మగ్గం పట్టలేకపోయినా దారం కండెలు చుడుతూ నా ఇంట్లోనే ఉన్నాడు. అన్న జైల్లో ఉంటే వాడికి ఆ నీడ కూడా ఉండేది కాదు. అది మేష్టరు చలవే.

ఆ వాయిదా నాటి సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన రాయి ముందే కూర్చుని ఉన్నారు. "మొగమెట్లుండాదప్పా?" అన్నారు. చెప్పబోయి ఏడ్చేశాను.  ఆయన రాతి మీది బొమ్మ చెరపడానికి ఇసుక చల్లి, నీళ్ళు పోసి, రుద్దే చేతిరాయికి ఒక పక్క నా చెయ్యి పెట్టించి, రెండో పక్క తాను పట్టుకున్నారు. ఇద్దరం రుద్దాం. ముందు పొగ పోయింది. తర్వాత తుపాకీ పోయింది. మొగం లేని మనిషీ పోయాడు. ఖాళీ చేత్తో వీరుడొక్కడే మిగిలాక ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"చాలప్పా. వీణ్ణి ఉండనీ."