ఒళ్లో బిడ్డను లెక్కపెట్టని కండక్టరమ్మ

ముప్పై ఒక్కేళ్లు సిటీ బస్సులో టికెట్లు కొట్టి రిటైరైనా, ఆవిడను అందరూ ఇప్పటికీ కండక్టరమ్మ అనే పిలుస్తారు. కోపం ముక్కు మీదే ఉంటుంది. చిల్లర లేదన్నవాడిని ఫుట్‌బోర్డు మీద నిలబెట్టేది, ఫుట్‌బోర్డు మీద ఎందుకు నిలబడ్డావని వాడినే తిట్టేది. మొగుడు బతికున్నన్నాళ్లూ ఇంట్లో ఆయన కూడా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అనిపించుకుంటూనే గడిపాడని తమ్ముడు నవ్వుతుంటాడు. ఆ నవ్వు కూడా అక్క ఊళ్లో లేనప్పుడే.

ఇలాంటి మనిషిని తుఫాను వలంటీర్లలో ఎందుకు చేర్చుకున్నావని అడిగితే, వాళ్లను కూడగట్టిన మందుల షాపాయన దగ్గర ఒకటే జవాబు. జనాన్ని బస్సెక్కించడం ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తుఫాను తెల్లవారేలోగా తీరం దాటుతుందని రేడియో చెబుతోంది. కార్లున్నవాళ్లు ముందురోజే సామాను సర్దుకుని వెళ్లిపోయారు. సముద్రం పక్కనున్న ఐదంతస్తుల పాత బిల్డింగులో కార్లు లేనివాళ్లు మిగిలారు. మందుల షాపాయన కాళ్లరిగేలా తిరిగి, కండక్టరమ్మ తమ్ముడు నడిపే స్కూలు బస్సును అడిగి తెచ్చాడు. వంతెన అవతల కాలేజీలో అందరికీ చోటు చూశాడు. నాలుగింటికి వంతెన మూసేస్తామని పోలీసులు ముందే చెప్పారు. అంటే ఒక్కటే ట్రిప్పు. మూడింటికి బస్సు కదలాలి.

పొద్దున్నే కండక్టరమ్మ నోటు పుస్తకం పట్టుకుని గడప గడపా తొక్కింది. ఒక్క ఇంట్లోనూ మంచి మాట వినలేదు, తనూ అనలేదు. మొదటి అంతస్తు ఆసామి టీవీ తెచ్చుకోవచ్చా అని అడిగాడు.

"తెచ్చుకో. దానికి సీటిస్తాను, నువ్వు ఉండిపో."

రెండో అంతస్తులో అక్కాచెల్లెళ్లు ఒకే బస్సులో వెళ్లేది లేదని భీష్మించారు, ఆరు నెలలుగా వాళ్లకు మాటల్లేవట. ఒకరిని ముందు, ఒకరిని వెనక రాసుకుంది. నాలుగో అంతస్తులో కొత్తగా పెళ్లయిన జంట, వాళ్ల నెలల పిల్ల. అక్కడ ఇద్దరని రాసుకుంది.

మూడో అంతస్తు తలుపు మాత్రం చివరికి అట్టేపెట్టుకుంది. అది దర్జీ ఇల్లు.

ఆ ఇద్దరికీ పదకొండేళ్లుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మొదలైంది చొక్కాతో. ఆవిడ యూనిఫాం చొక్కాను దర్జీ బిగుతుగా కుట్టాడు. బట్ట తక్కువ ఇచ్చావని అతను, దొంగిలించావని ఈవిడ. దర్జీ భార్య మధ్యలోకి వచ్చి, "చొక్కా బిగుతు కాలేదమ్మా, నువ్వే ఒళ్లు చేశావు" అంది. షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. మర్నాడు సాయంత్రం ఆ భార్యే బస్టాపు వైపు పరుగెత్తుకొస్తుంటే కండక్టరమ్మ చూసింది, చూసి "రైట్ రైట్" అనేసింది. బస్సు కదిలింది. వెనకాల పరుగెత్తిన మనిషి పడింది, తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత ఆమె చేతికర్ర లేకుండా నడవలేదు.

దర్జీ కంప్లయింటు రాశాడు. ఆఫీసులో విచారణ జరిగింది. బస్సు కిక్కిరిసి ఉందని, ఇంకొక్కరు ఎక్కే చోటు లేదని కండక్టరమ్మ చెప్పింది. ఆఫీసరు నమ్మాడు. మాట దురుసుతనానికి మాత్రం పదిహేను రోజులు సస్పెండ్ చేశాడు. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో అదొక్కటే మచ్చ. దాన్ని తలుచుకున్నప్పుడల్లా ఆవిడ దర్జీ మీద పళ్లు నూరుతుంది. మూడేళ్ల కిందట ఆ భార్య జ్వరంతో పోయినప్పుడు కూడా మూడో అంతస్తు ఎక్కి చూడలేదు.

దర్జీ తలుపు తీశాడు. చేతిలో కర్ర ఉంది. అది ఎవరి కర్రో ఆవిడకు తెలుసు.

"పంపించడానికి ఇంకెవరూ దొరకలేదా వాళ్లకి?" అన్నాడు.

"దొరకలేదు. మూడింటికి బస్సు. వస్తావా, రావా?"

"నీ బస్సు ఎక్కడం కంటే సముద్రంలో దూకడం నయం."

"సముద్రమే నీ ఇంటికొస్తుంది, నీకు ఆ శ్రమ కూడా ఉండదు. రాసుకోనా, వద్దా?"

దర్జీ వెనక్కి తిరిగి ఇంట్లోకి చూశాడు. లోపల కుట్టు మిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"రాసుకో. లిఫ్టు ఆపేశారు. నా మోకాళ్లకి మూడంతస్తులు దిగడమంటే అరగంట. ఈసారైనా ఆగుతావా?"

ఆ 'ఈసారైనా' అన్నది ఆవిడకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "ఆగుతాను" అని పుస్తకం మూసింది. కిందికి వచ్చి మందుల షాపాయనకు లెక్క చెప్పింది: మొత్తం ముప్పై రెండు.

మధ్యాహ్నానికి గాలి పెరిగింది. బస్సు దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. సంచుల కోసం తగవు, కిటికీ సీటు కోసం తగవు. కండక్టరమ్మ వెనక నిచ్చెన ఎక్కి టాపు మీద సామాను తాళ్లతో బిగిస్తోంది. తలుపు దగ్గర మందుల షాపాయన ఎక్కినవాళ్లను వేలితో లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టి, "ముప్పై రెండు. సరిపోయింది" అని కేకేశాడు.

దర్జీ ఎక్కడం ఆవిడ చూడలేదు. ఒక్కసారి లోపలికి తొంగి చూస్తే పోయేది. కానీ లెక్క సరిపోయిందంటే వెనకెక్కడో మొహం తిప్పుకుని కూర్చునే ఉంటాడు, ఆ మొహం చూడకుండానే ప్రయాణం అయిపోతే అంతకంటే ఏం కావాలి? ఆవిడ ముందు సీట్లో కూర్చుని బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది.

"రైట్ రైట్."

వంతెనకు కిలోమీటరు ముందు వాహనాలు బారులు తీరి ఉన్నాయి. మూడూ ఇరవై అయింది. వెనక సీట్లో నెలల పిల్ల గుక్కపెట్టి ఏడవసాగింది. ఎవరో విసుక్కున్నారు. ఆ పిల్ల నోరు మూయించమని చెప్పడానికే కండక్టరమ్మ లేచింది. తల్లి ఒళ్లో పిల్లను చూసి అక్కడే నిలబడిపోయింది.

ఒళ్లో పిల్లలకు టికెట్ లేదు. టికెట్ లేనివాళ్లు కండక్టరు లెక్కలోకి రారు. ముప్పై ఒక్కేళ్ల అలవాటు కొద్దీ పొద్దున ఆ ఇంట్లో ఇద్దరనే రాసింది. మందుల షాపాయన కండక్టరు కాదు, తలలు లెక్కపెట్టాడు. పిల్ల తలతో కలిపి ముప్పై రెండు.

బస్సంతా కళ్లతో వెతికింది. దర్జీ లేడు.

ఈ సంగతి బస్సులో ఇంకెవరికీ తెలియదు. తను నోరు మూసుకుంటే ఎప్పటికీ తెలియదు. రానన్నాడని చెబితే అందరూ నమ్ముతారు. పదకొండేళ్ల కిందట తన మాట నమ్మినట్టే. ఆ ఆలోచన వచ్చినందుకు ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"తమ్ముడూ, బండి తిప్పు. దర్జీ ఉండిపోయాడు."

బస్సులో అందరూ ఒక్కసారి ఒంటికాలి మీద లేచారు. వంతెన కళ్లముందు పెట్టుకుని వెనక్కేమిటని ఒకరు, ఆ మొండి ముసలాడి కోసం మేమంతా చావాలా అని ఇంకొకరు. మాటల్లేని అక్కాచెల్లెళ్లు కూడా ఈవిడను తిట్టడంలో ఒక్కటైపోయారు. మందుల షాపాయన మొహం ఎర్రబడింది.

"లెక్క నేను రెండుసార్లు చూశానండీ. ఎలా తప్పుతుంది?"

"మీ లెక్క తప్పలేదు. తప్పు రాసింది నేను. ఒళ్లో పిల్లని రాయలేదు."

"ఇప్పుడా చెప్పేది?" అన్నాడు టీవీ ఆసామి. "కావాలనే వదిలేసి ఉంటావు. మీ ఇద్దరి సంగతి ఎవరికి తెలియదు?"

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటన్నవాడిని నడిరోడ్డు మీద దింపేసేది. తమ్ముడు అద్దంలోంచి అక్కను చూశాడు. అక్క నీళ్లు నమలడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇంకేమీ అడక్కుండా స్టీరింగు తిప్పేశాడు. ఊరివైపు రోడ్డు ఖాళీగా ఉంది.

దర్జీ బిల్డింగు ముందు చివరి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కర్ర, ఒళ్లో బల్ల నుంచి ఊడదీసి దుప్పటి చుట్టిన కుట్టు మిషను తల. బస్సును చూసి లేవలేదు.

"మూడు కావడానికి ముందే రెండో అంతస్తు దాకా దిగాను," అన్నాడు. "అక్కడి కిటికీలోంచి చూశాను. అరిచాను కూడా. నీ రైట్ రైట్ వినపడింది."

"లెక్క తప్పింది."

"తప్పిందా, తప్పించావా?"

"తప్పింది. తప్పించలేదు." ఆవిడ మిషను తల అందుకోబోయింది. అతను ఇవ్వలేదు. గాలికి ఇసుక వచ్చి ఇద్దరి మొహాల మీదా కొడుతోంది. "అప్పుడు తప్పించాను. ఆ రోజు బస్సు నిండలేదు. రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. మీ ఆవిడ పరుగెత్తుకు రావడం చూసే రైట్ చెప్పాను."

"నాకు తెలుసు. మా ఆవిడ చెప్పింది. వెనక అద్దంలోంచి ఖాళీ సీట్లు కనపడ్డాయంది." దర్జీ కర్ర నేల మీద పోటు పెట్టి లేచాడు. "ఒక్కసారి వచ్చి ఆ మాట ఒప్పుకుంటుందేమో అని ఎనిమిదేళ్లు చూసింది. ఇప్పుడు నాకెందుకు చెబుతున్నావు?"

ఆవిడ మిషను తలను అతని చేతుల్లోంచి లాక్కుని బస్సులో పెట్టింది. తమ్ముడు దిగి దర్జీని రెక్కలు పట్టుకుని ఎక్కించాడు. లోపల ఎవరూ జరగలేదు. కండక్టరమ్మ ముందున్న తన సీటు చూపించింది. దర్జీ మొహం కిటికీ వైపు పెట్టి కూర్చున్నాడు.

నాలుగుకు నాలుగు నిమిషాలుండగా పోలీసు చెయ్యి ఊపి వంతెన మీదికి వదిలాడు. తిట్లు అప్పటికీ ఆగలేదు. ఆవిడ వాటిని పట్టించుకోకుండా వెనక నుంచి మొదలుపెట్టి తల తలా చేత్తో ముట్టుకుంటూ లెక్కపెట్టింది. కొందరు ఆ చేతిని విసిరికొట్టారు. నిద్రపోతున్న నెలల పిల్ల తల మీద చెయ్యి వేసి పైకే అంది, "ఎనిమిది." అలా ముందుకు వచ్చేసరికి ముప్పై రెండు అయింది. ఇంకొక్క తలే మిగిలింది. దాన్ని ముట్టుకోవడానికి ఆవిడకు చెయ్యి రాలేదు.

దర్జీ కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"ముప్పై మూడు," అన్నాడు. "మళ్లీ తప్పు రాయకు."